నేర్చుకున్నవాళ్లే నేర్పాలి



ఈవేళ నేను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడబోతున్నాను. అందులోనూ, ఆ సాఫ్ట్‌వేర్‌ను పదిమందికీ చేర్చే బృందాన్ని ఒక ఊళ్లో ఎలా నిలబెట్టాలి, ఏళ్ల తరబడి ఎలా నడపాలి అన్నదే నా అసలు విషయం. ఆ ఊరు ఛత్తీస్‌గఢ్‌లోని మా భిలాయి.

ఇక్కడ ఉక్కు కర్మాగారం కట్టడానికి 1955లో మన ప్రభుత్వానికీ సోవియట్ యూనియన్‌కూ ఒప్పందం కుదిరింది. నాలుగేళ్లు తిరిగేసరికి, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ రోజుల్లో ఇక్కడికి పనికి వచ్చినవాళ్లలో అంతకుముందు ఉక్కు కర్మాగారం చూసినవాళ్లు బహు తక్కువ. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి మనవాళ్లు వచ్చారు. చుట్టుపక్కల ఛత్తీస్‌గఢీ గ్రామాల నుంచి వచ్చారు. బెంగాల్, కేరళ, పంజాబ్, ఒడిశాల నుంచి వచ్చారు. సోవియట్ ఇంజనీర్లు ఇక్కడే కాపురముండి, పక్కన నిలబడి పని నేర్పారు. మన ఇంజనీర్లు, కార్మికులు ఆ దేశం వెళ్లి అక్కడి ప్లాంట్లలో తర్ఫీదు పొందారు. తిరిగొచ్చినవాళ్లు తమ తర్వాతివాళ్లకు నేర్పారు. ఏడాదికి పది లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైన ప్లాంటు అంచెలంచెలుగా పెరిగింది. దేశమంతటా రైళ్లు భిలాయి పట్టాల మీద పరుగెడుతున్నాయి.

వాడే యంత్రాన్ని విప్పి చూడగలగాలి. చెడితే మనమే బాగుచేసుకోగలగాలి. ఆ విద్యను పక్కవాడికి అప్పగించాలి. భిలాయి లేచి నిలబడింది ఈ మూడు పనుల మీద. కంప్యూటర్ విషయంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం అడిగేదీ ఇదే. అందుకే ఈ ఉద్యమానికి భిలాయి కన్నా తగిన ఊరు లేదని నేను నమ్ముతాను.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటో మొదట చెప్పుకుందాం. 1983 సెప్టెంబరులో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ గ్నూ అనే పథకాన్ని ప్రకటించాడు. ఒక కంప్యూటర్ నడవడానికి కావలసిన ప్రోగ్రాములన్నిటినీ, వాడేవాళ్ల హక్కులకు భంగం రాకుండా, కొత్తగా రాసుకుందాం అన్నాడు. ఆ హక్కులు నాలుగు. ప్రోగ్రామును ఏ పనికైనా వాడుకునే హక్కు. అది ఎలా పనిచేస్తోందో దాని మూల రచన, అంటే సోర్స్ కోడ్, తెరిచి చదివి, మనకు కావలసినట్టు మార్చుకునే హక్కు. దాని ప్రతులు ఇతరులకు ఇచ్చే హక్కు. మనం మార్చి బాగుచేసిన ప్రతిని కూడా పదిమందికీ పంచే హక్కు. 1989లో ఈ హక్కులకు చట్టబద్ధమైన రక్షణగా జీపీఎల్ అనే లైసెన్సు వచ్చింది. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్ రాశాడు. మరుసటి ఏడాదే దాన్ని జీపీఎల్ కిందికి తెచ్చాడు. గ్నూ, లినక్స్ కలిసి ఒక పూర్తి వ్యవస్థ అయింది. ఈనాడు ప్రపంచంలోని పెద్ద పెద్ద సర్వర్లు, సూపర్ కంప్యూటర్లు నడిచేది దాని మీదే. మన చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నదీ లినక్సే.

మరి ఇది భిలాయిలో ఉన్న మనకు ఎందుకు కావాలి? నాకు మూడు కారణాలు కనిపిస్తున్నాయి.

మొదటిది, మన ఇళ్లలోని పాత కంప్యూటర్లు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. దాని తర్వాతి రూపమైన విండోస్ 11 చాలా పాత కంప్యూటర్లను ఒప్పుకోదు. భిలాయి సెక్టార్లలోని క్వార్టర్లలో, ఖుర్సీపార్ ఇళ్లలో, సుపేలా దుకాణాల్లో ఎనిమిదేళ్లు, పదేళ్లు వాడిన కంప్యూటర్లు ఉన్నాయి. వాటి తెర బాగుంది, కీబోర్డు బాగుంది, ప్రాసెసర్ పనిచేస్తోంది. అలాంటి యంత్రాన్ని పాత ఇనుప సామాన్లకు వెయ్యనక్కర్లేదు. తేలికపాటి లినక్స్ ఎక్కిస్తే అది ఇంకా కొన్నేళ్లు ఇంటిపని చేస్తుంది, పిల్లల చదువుకు పనికొస్తుంది. నెట్‌కు ఫైర్‌ఫాక్స్, ఉత్తరాలకూ లెక్కలకూ లిబ్రే ఆఫీస్, సినిమాలకూ పాటలకూ వీఎల్‌సీ, బొమ్మలకు గింప్, ఇంక్‌స్కేప్. ఇవన్నీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లే.

రెండో కారణం మన తెలుగు. భిలాయి తెలుగువాళ్లలో ఇప్పుడు మూడో తరం, నాలుగో తరం నడుస్తోంది. పిల్లలకు ఇంట్లో తెలుగు మాట్లాడడం వచ్చు. బడిలో హిందీ, ఇంగ్లీషు. తెలుగు చదవడం, రాయడం చాలామందికి రాదు. కంప్యూటర్లోనో ఫోన్లోనో తెలుగు అక్షరం కనిపిస్తేనే, ఆ అక్షరంతో ఏదైనా పని జరిగితేనే, అది ఆ పిల్లల చేతికి అలవాటవుతుంది. ఇంకో మాట. మన సంఘాల ప్రత్యేక సంచికలు, ఉత్సవాల ఆహ్వానాలు ఒకప్పుడు డీటీపీలో పాత ఫాంట్లతో కట్టినవి. ఒక్కో ఫాంటుది ఒక్కో సంకేతం. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే అక్షరాలకు బదులు గజిబిజి గుర్తులు కనిపిస్తాయి. పెద్దలు రాసిన వ్యాసం ఫైల్లో భద్రంగానే ఉంటుంది, చదవడానికి మాత్రం వీలుండదు.

ఈ ముడి విప్పింది ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. వెన్న నాగార్జున అనే తెలుగు ఇంజనీరు పద్మ అనే ప్రోగ్రాము రాశారు. తెలుగు పత్రికలు వాడుతూ వచ్చిన రకరకాల ఫాంట్ల సంకేతాలను అది అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్‌లోకి మార్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టినవారూ ఆయనే. ఒక మనిషి తాను రాసిన పనిముట్టును అందరి చేతుల్లో పెడితే ఒక భాషకు ఎంత మేలు జరుగుతుందో చూడండి. ఆ తర్వాత ఈ-తెలుగు అనే సంఘం మిత్రులు హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, వచ్చినవాళ్లకు కంప్యూటర్లో తెలుగు ఎలా రాయాలో చూపించారు. సిలికానాంధ్ర సంస్థ, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పూనుకుని మల్లన్న, రామభద్ర, మండలి, గిడుగు, గురజాడ, సురవరం వంటి అందమైన తెలుగు ఫాంట్లను స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేశాయి. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పుస్తకం అచ్చు వేసుకోవచ్చు. ఏ సంఘమూ ఇక తన సంచికను ఒకే దుకాణానికీ, ఒకే ఫాంటుకూ కట్టిపడెయ్యనక్కర్లేదు.

మూడో కారణం మనం ఉంటున్న నేల. 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది. 2007లో ఛత్తీస్‌గఢీకి రాజభాష హోదా వచ్చింది. కానీ ఛత్తీస్‌గఢీలో కంప్యూటర్ తెర తయారుచేస్తే లాభమొస్తుందని ఏ పెద్ద కంపెనీ అనుకుంటుంది? ఆ పని జరిగింది ఒక వ్యక్తి చొరవతో. రవిశంకర్ శ్రీవాస్తవ, హిందీ లోకం రవి రత్లామీ అని పిలుచుకున్న రచయిత, మా పక్కనున్న రాజ్‌నాంద్‌గావ్‌కు చెందినవారు. విద్యుత్ బోర్డులో ఇంజనీరుగా పనిచేశారు. గ్నోమ్, కేడీఈ అనే లినక్స్ తెరలను హిందీలోకి తెచ్చినవాళ్లలో ముందువరుసలో ఉన్నారు. ఆ పైన కేడీఈని ఛత్తీస్‌గఢీలోకి తేవడానికి నడుం కట్టారు. ఎవరి అనుమతీ అడగనక్కర్లేకపోయింది. మార్చుకునే హక్కు ముందే ఉంది కాబట్టి మార్చారు. మనతో పాటు ఈ ఊళ్లో బతికే ఛత్తీస్‌గఢీ సోదరుల భాషకు ఆ గౌరవం దక్కింది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వల్లనే.

ఇంతవరకూ ఎందుకు కావాలో చెప్పాను. ఇక ఎలా నడపాలి?

తెలుగునాట మనకు పెద్ద ఉదాహరణ స్వేచ్ఛ. 2005లో హైదరాబాద్‌లో మొదలైన సంస్థ అది. లినక్స్‌ను తెలుగులోకి తెచ్చి, తెలుగు తెరతో ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ను విడుదల చేసింది. ఇంజనీరింగ్ కాలేజీల్లో గ్లగ్‌లు అనే విద్యార్థి బృందాలను కట్టింది. వేసవి శిబిరాలు పెట్టింది. బస్తీల్లో పిల్లలకు కంప్యూటర్ నేర్పే కేంద్రాలు నడిపింది. 2010లో వివిధ రాష్ట్రాల బృందాలు కలిసి ఫ్రీ సాఫ్ట్‌వేర్ మూవ్‌మెంట్ ఆఫ్ ఇండియాగా ఏర్పడినప్పుడు అందులో స్వేచ్ఛ ముఖ్య పాత్ర వహించింది. ఈమధ్య వేలమంది విద్యార్థులను కూడగట్టి, తెలుగు కథల పుటలను కంప్యూటర్ చదవగల అక్షరాలుగా మార్పించి, తెలుగులో కథలల్లే ఒక చిన్న భాషా నమూనాకు పునాది వేసింది.

స్వేచ్ఛ నుంచి నేను తీసుకునే పాఠం ఒకటుంది. అక్కడ శిబిరానికి నేర్చుకోవడానికి వచ్చిన విద్యార్థికి మరుసటి ఏడు నేర్పే పని అప్పగిస్తారు. ఇరవై ఏళ్లుగా ఆ సంస్థ నిలబడడానికి కారణం అదేనని నా అభిప్రాయం. కోడ్ రాసేవాళ్లు వస్తారు, ఉద్యోగాలకు వెళ్లిపోతారు. నేర్పే అలవాటు ఉన్నచోట వాళ్ల స్థానం ఖాళీగా ఉండదు.

ఇదే పాఠం కేరళలో ఇంకా పెద్ద ఎత్తున కనిపిస్తుంది. 2001లో తిరువనంతపురంలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా మొదలైంది. మరుసటి ఏడు మలయాళం కోసం స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ అనే బృందం పుట్టింది. ఆ రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో కంప్యూటర్ చదువు మొత్తం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదికి మారింది. అది ప్రభుత్వ ఉత్తర్వుతోనే అయిపోలేదు. మొదట కొందరు మాస్టార్లు నేర్చుకున్నారు. వాళ్లు మిగతా మాస్టార్లకు నేర్పారు. ఇప్పుడు హైస్కూళ్లలో లిటిల్ కైట్స్ అనే విద్యార్థి క్లబ్బులున్నాయి. ఆ పిల్లలు తోటి పిల్లలకు నేర్పడంతో ఆగలేదు, 2022లో తమ తల్లులకు ఇంటర్నెట్ మోసాల నుంచి జాగ్రత్తపడడం ఎలాగో నేర్పారు.

దీనికి భిన్నంగా జర్మనీలోని మ్యూనిక్ నగరాన్ని చూడండి. 2003లో ఆ నగరపాలక సంస్థ లినక్స్‌కు మారాలని తీర్మానించింది. పదేళ్లు కష్టపడి వేల కంప్యూటర్లను మార్చింది. 2017లో తిరిగి విండోస్‌కు వెళ్లాలని తీర్మానించింది. దానికి కారణాల మీద వాదోపవాదాలు చాలా జరిగాయి. నాకు అర్థమైనంతలో, పైనుంచి వచ్చిన నిర్ణయం పైవాళ్లు మారితే మారిపోతుంది. కింద వాడేవాళ్లు ఇది మాది, దీన్ని మేమే బాగుచేసుకోగలం అనుకున్నప్పుడు ఎవరూ దాన్ని సులువుగా తీసెయ్యలేరు. మన దేశంలోనూ ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని 2015లో కేంద్రం విధానం ప్రకటించింది. అది మంచి విధానం. దానికి ప్రాణం పోసేది మాత్రం ఊళ్లలో ఉన్న మనుషులే.

అందుకని భిలాయిలో ఇలాంటి బృందం కట్టేవాళ్లకు నేను కొన్ని మాటలు చెప్పదలచుకున్నాను.

మొట్టమొదటిది, ఊరి గడియారం తెలుసుకోండి. భిలాయి షిఫ్టుల మీద నడిచే ఊరు. ఈ వారం ఫస్ట్ షిఫ్టు చేసే మనిషి వచ్చే వారం రాత్రి షిఫ్టుకు వెళ్తాడు. ఒకే వేళకు సమావేశం పెడితే ప్లాంటులో పనిచేసేవాళ్లు సగం సార్లు రాలేరు. కాబట్టి రోజును మార్చకుండా, వేళను ఒక వారం పొద్దున, ఒక వారం సాయంత్రం పెట్టుకోవడం మేలు. ఏ వారం కూడా మానకూడదు. ముగ్గురే వచ్చినా కూర్చోవాలి. తలుపు తీసి ఉంటుందన్న నమ్మకం ఊళ్లో పాతుకోవడానికి చాలాకాలం పడుతుంది. ఒక్కసారి తాళం కనిపిస్తే వెనక్కి వెళ్లిన మనిషి మళ్లీ రావడం కష్టం.

రెండోది, మొదటి రోజు ఉపన్యాసం పెట్టకండి. వచ్చినవాళ్లకు స్టాల్‌మన్ పేరు తెలియనక్కర్లేదు. వాళ్లొక లాప్‌టాప్ పట్టుకుని వస్తారు. అది నెమ్మదిగా నడుస్తోందనో, తెలుగు రావడం లేదనో, ప్రింటర్ పనిచెయ్యడం లేదనో చెబుతారు. ఆ ఇబ్బంది తీర్చండి. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ నడిపి చూపించండి. అలా చూపిస్తే ఆ కంప్యూటర్లో ఉన్నదేదీ చెరగదు, నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేస్తే సరిపోతుంది. నచ్చిందంటే అప్పుడు ఇన్‌స్టాల్ చెయ్యండి. చేసేముందు బ్యాకప్ తీయడం మాత్రం ఏ పరిస్థితిలోనూ మరవద్దు. ఇంటివాళ్ల పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, పాత ఉత్తరాలు అందులోనే ఉంటాయి. అవి పోతే మనం చెప్పే స్వేచ్ఛ గురించి ఆ ఇంట్లో ఇంకెవరూ వినరు. పైగా ఆ నష్టాన్ని ఎవరూ పూడ్చలేరు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. కీబోర్డును నేర్చుకోవడానికి వచ్చినవాళ్ల చేతుల్లోనే ఉండనివ్వండి. బాగా తెలిసిన కుర్రాడు ఒకడుంటాడు. అడిగితే చాలు, చకచకా చేసి ఇచ్చేస్తాడు. వచ్చినవాళ్లు ధన్యవాదాలు చెప్పి వెళ్లిపోతారు. ఇంకో ఇబ్బంది వస్తే మళ్లీ అతని దగ్గరికే రావాలి. అలా బృందం ఒక రిపేరు దుకాణం అయిపోతుంది. అతను బెంగళూరుకో పుణెకో వెళ్లిన రోజున దుకాణం మూతపడుతుంది. పది నిమిషాల పనికి గంట పట్టినా సరే, నేర్చుకునే మనిషే నొక్కాలి, నేర్పే మనిషి పక్కన కూర్చుని చెప్పాలి. ఆ నేర్చుకున్న మనిషి వచ్చే వారం ఇంకొకరి పక్కన కూర్చోవాలి. ఇది నియమంగా పెట్టుకోండి. తమకన్నా ఒక్క వారం ముందు నేర్చుకున్నవాళ్లు చెబితే కొత్తవాళ్లకు బాగా అర్థమవుతుంది. ఎక్కడ తడబడతారో వాళ్లకు ఇంకా గుర్తుంటుంది కదా.

నాలుగోది భాష. మన బృందంలో తెలుగు మాట్లాడండి. పక్కన బెంగాలీ కుటుంబం, మలయాళీ కుటుంబం, ఛత్తీస్‌గఢీ కుటుంబం కూర్చుంటే హిందీలో మాట్లాడండి. భిలాయివాళ్లకు ఇది పుట్టుకతో వచ్చిన విద్య. కానీ ప్రతి కంప్యూటర్లోనూ ఆ ఇంటి భాష కీబోర్డును తప్పకుండా పెట్టి ఇవ్వండి. తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్ ఉంది, ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేసే పద్ధతీ ఉంది. ఎవరికి ఏది అలవాటైతే అది. అమ్మమ్మ తన పేరును తెలుగులో టైపు చేసుకున్న రోజు ఆ ఇల్లు మన బృందంలో చేరినట్టే. తెలుగు బాగా వచ్చిన పెద్దలకు ఇంకో పెద్ద పని ఉంది. ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్, గ్నోమ్, కేడీఈ తెలుగు అనువాదాలు స్వచ్ఛందంగా చేసేవాళ్ల మీదే ఆధారపడి ఉన్నాయి. ప్రోగ్రాములు రాయడం రాకపోయినా ఆ పని చెయ్యొచ్చు. తెలుగు మాస్టార్లకూ, పుస్తకాలు చదివే గృహిణులకూ అది వాళ్ల స్థాయికి తగిన పని.

ఐదోది మా ఊరికి ప్రత్యేకమైన చిక్కు. భిలాయి చదువులకు పేరుపడ్డ ఊరు. ఐఐటీలకు పిల్లల్ని పంపడంలో దీనికి ఎప్పటి నుంచో పేరుంది. 1986 నుంచి పక్కనే దుర్గ్‌లో భిలాయి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఉంది. 2005లో వచ్చిన స్వామి వివేకానంద సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. 2016లో మనకే ఐఐటీ వచ్చింది. కాబట్టి తెలివైన కుర్రకారుకు కొదవ లేదు. కానీ పదకొండు, పన్నెండు తరగతుల్లో పిల్లలు కోచింగ్‌లో మునిగిపోతారు. పన్నెండు అయిపోగానే చాలామంది ఊరు దాటిపోతారు. ఇక్కడి కాలేజీల్లో చదివినవాళ్లు కూడా నాలుగేళ్లకు ఉద్యోగాల కోసం వెళ్లిపోతారు. విద్యార్థుల మీద మాత్రమే కట్టిన బృందం ప్రతి నాలుగేళ్లకూ మొదటికి వస్తుంది.

అందుకే ఊళ్లో ఉండిపోయేవాళ్ల మీద బృందాన్ని కట్టాలని నేను గట్టిగా చెబుతాను. ప్లాంటులో రిటైరై ఇక్కడే ఇల్లు కట్టుకున్న ఫోర్‌మన్ బాబాయిలున్నారు. ముప్పై ఏళ్లు మిల్లును నడిపిన మనిషికి మాన్యువల్ చదివి, ఒక్కొక్క అడుగూ వేసి, తప్పు ఎక్కడుందో పట్టుకోవడం చెప్పనక్కర్లేదు. బడి టీచర్లున్నారు. చాయిస్ సెంటర్లు నడిపేవాళ్లున్నారు. ఛత్తీస్‌గఢ్‌లో ఆదాయ ధ్రువపత్రం కావాలన్నా, ఏదైనా దరఖాస్తు పెట్టాలన్నా జనం వెళ్లేది వాళ్ల దగ్గరికే. అలాంటి ఒక్క మనిషి నేర్చుకుంటే వీధి మొత్తానికి తెలుస్తుంది. కంప్యూటర్లు అమ్మే, బాగుచేసే దుకాణాల వాళ్లను పోటీగా చూడకండి. వాళ్లకూ లినక్స్ ఎక్కించడం నేర్పండి. పాత లాప్‌టాప్‌ను లినక్స్‌తో అమ్ముకుని నాలుగు డబ్బులు చేసుకుంటే అందులో తప్పేమీ లేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సులు అమ్ముకోవడాన్ని అడ్డుకోవు. ఇక ఊరు దాటిన పిల్లల్ని వదులుకోకండి. వాళ్లు ఎక్కడున్నా ఫోన్ మీద ఒక చిక్కు విప్పగలరు. సెలవులకు వచ్చినప్పుడు ఒక పూట పాఠం చెప్పగలరు. వెళ్లేముందు తమకు తెలిసింది రాసిపెట్టి వెళ్లడం వాళ్ల బాధ్యత అని మొదటి రోజే చెప్పండి.

ఆడవాళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇలాంటి బృందాల్లో ఆడపిల్లలు మొదట వస్తారు, తర్వాత తగ్గిపోతారు. చీకటిపడ్డాక సమావేశాలు పెట్టడం, అడిగిన ప్రశ్నకు ఎవరో పెద్దగా నవ్వడం, కుర్చీలు సర్దే పని వాళ్లకు వదిలి మైకు మగవాళ్లు పట్టుకోవడం ఇందుకు కారణాలు. వెలుతురు ఉండగానే ముగించండి. బడిలోనో, గుడి ఆవరణలోని హాల్లోనో, అందరికీ తెలిసిన చోట పెట్టండి. పాఠం చెప్పే వంతుల పట్టికలో వాళ్ల పేర్లు ముందుగా ఉండాలి. ఏ ప్రశ్ననూ చిన్నబుచ్చకూడదని అందరి ఎదుటా చెప్పి, అది పాటించని మనిషి ఎంత తెలిసినవాడైనా సరే, పక్కకు పిలిచి చెప్పాలి.

ఇక బృందం లోపలి వ్యవహారం. డబ్బు తక్కువే అవసరం. పెన్‌డ్రైవులు, ఒక ప్రొజెక్టర్, టీ ఖర్చు. అయినా వచ్చిన రూపాయికీ, పోయిన రూపాయికీ లెక్క రాసి గోడమీద అతికించండి. సోర్స్ కోడ్ తెరిచి ఉండాలని అడిగే మనం, మన పద్దుపుస్తకం మూసి పెట్టుకుంటే మాటకు విలువుండదు. ఎవరైనా ఒక సంస్థ పెద్ద మొత్తం ఇస్తానంటే, దాంతో పాటు ఏం అడుగుతోందో అందరిలో చదివి, అందరూ ఒప్పుకున్నాకే పుచ్చుకోండి. నాయకత్వం మారుతూ ఉండాలి. డెబియన్ అనే లినక్స్ పథకం 1993లో మొదలైంది. ప్రపంచమంతటా విస్తరించిన ఆ స్వచ్ఛంద బృందం తన నాయకుణ్ణి ఏటా ఓటు వేసి ఎన్నుకుంటుంది. 2023లో వాళ్ల ప్రపంచ సమావేశం మన దేశంలోనే, కొచ్చిలో జరిగింది. ముప్పై ఏళ్లు దాటినా అది నిలబడడానికి ఆ క్రమశిక్షణ ఒక కారణం. మన చిన్న బృందం కూడా ఏటా ఒకసారి కూర్చుని బాధ్యతలు చేతులు మార్చుకోవాలి. మొదలుపెట్టిన మనిషి తాను ఉండగానే పక్కకు జరిగి, కొత్తవాళ్ల వెనక నిలబడాలి. అది పెద్దరికం.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. లినక్స్‌లో అన్నీ నడవవు. కొన్ని దుకాణాల అకౌంట్ల సాఫ్ట్‌వేర్, కొన్ని పరికరాల డ్రైవర్లు, కొన్ని ఆటలు అందులో పనిచెయ్యవు. అలాంటి అవసరం ఉన్న మనిషికి అది దాచకుండా చెప్పండి. రెండు వ్యవస్థలూ ఒకే కంప్యూటర్లో పెట్టి ఇవ్వండి, లేదా ఉన్నదాంట్లోనే లిబ్రే ఆఫీస్, ఫైర్‌ఫాక్స్ వేసి ఇవ్వండి. వేరే సాఫ్ట్‌వేర్ వాడుతున్నందుకు ఎవరినీ తక్కువ చేసి మాట్లాడకండి. వాళ్లు వాడుతున్నది వాళ్లకు దొరికింది. వేరే దారి ఉందని చూపించడమే మన పని. ఆ దారిలో ఒక్క అడుగు వేసినా అది మనకు గెలుపే.

శ్రోతలారా, ఉక్కు తయారుచెయ్యడం ఏదో కొద్ది దేశాలకే సాధ్యమని అనుకునే కాలంలో భిలాయి పుట్టింది. ఇక్కడికి వచ్చిన మామూలు మనుషులు ఆ విద్య నేర్చుకున్నారు, తమ తర్వాతివాళ్లకు అప్పగించారు. కంప్యూటర్ విద్య విషయంలో ఇప్పుడు మన పిల్లలు అలాంటి మలుపులోనే ఉన్నారు. రేపు వాళ్ల చదువు, ఉద్యోగం, బ్యాంకు లెక్క, ఆస్పత్రి కాగితం అన్నీ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి. ఆ సాఫ్ట్‌వేర్ లోపల ఏముందో చూసే హక్కు, సరిదిద్దుకునే హక్కు లేకపోతే, ఎంత చదివినా వాళ్లు వినియోగదారులుగానే మిగిలిపోతారు. ఆ హక్కు వాళ్లకు చేతిలో పెట్టి ఇవ్వడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. ఒక గది, ఒక పాత కంప్యూటర్, ఒక పెన్‌డ్రైవ్, వారం తప్పకుండా వచ్చే నలుగురు మనుషులు చాలు.

ఏటా సెప్టెంబరు మూడో శనివారాన్ని ప్రపంచమంతటా సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ డేగా చాలామంది జరుపుకుంటూ వచ్చారు. దానికోసం ఆగనక్కర్లేదు. ఈ ఆదివారమే మీ ఇంట్లో మూలన పెట్టిన కంప్యూటర్ దుమ్ము దులపండి. లినక్స్ తెలిసిన ఒక కుర్రాణ్ణి, ఒక అమ్మాయిని ఇంటికి పిలవండి. పక్కింటివాళ్లను కూడా రమ్మనండి. ఫైళ్లు బ్యాకప్ తీసుకుని, కీబోర్డు మీరే పట్టుకుని నేర్చుకోండి. వచ్చే ఆదివారం ఆ పక్కింటివాళ్లకు మీరు నేర్పండి. ఆ రెండో ఆదివారంతోనే మీ వీధిలో బృందం పుట్టినట్టు.